గజ్జి మందు, పేల మందు రాసేటప్పుడు ఎలా జాగ్రత్త పడాలి

సంక్రాంతికి వచ్చిన చుట్టాలు ముక్కనుమ దాటగానే వెళ్ళిపోతారు. వాళ్ళతో వచ్చిన గజ్జి మాత్రం శివరాత్రి దగ్గరపడే దాకా బయటపడదు. పండక్కి పిల్లలందరినీ హాల్లో చాపలేసి వరసగా పడుకోబెడతాం కదా, అక్కడ అంటుకున్న పురుగు మొదటిసారైతే దురద పుట్టించడానికి 4 నుంచి 6 వారాలు తీసుకుంటుంది. అందుకే అంబాజీపేట వైపు మా మందుల షాపుకి ఫిబ్రవరి నెలాఖర్లో వేళ్ళ సందులు గోక్కుంటూ వచ్చేవాళ్ళు ఎక్కువ. పేలకి ఋతువు లేదు. బడి ఉన్నన్నాళ్ళూ ఉంటాయి.

కౌంటరు వెనక ఇన్నేళ్ళు నిలబడి నేను చూసిందేమిటంటే, మందు పనిచేయక అవస్థ పడ్డవాళ్ళు తక్కువ. ఎక్కువ రాసి, ఎక్కువసేపు ఉంచి, ఒకదాని మీద ఇంకోటి పట్టించి అవస్థ పడ్డవాళ్ళే ఎక్కువ. ట్యూబు మీద పర్మెత్రిన్ అని ఉంటుంది చూడండి, అది పురుగుమందే. చేలో కొట్టే సైపర్‌మెత్రిన్‌కి దాయాది. పర్మెత్రిన్ చర్మంలోంచి లోపలికి దిగేది నూటికి 2 వంతులకి మించదు, దిగినదాన్ని కూడా శరీరం త్వరగానే వదిలించుకుంటుంది కాబట్టి చెప్పినట్టు వాడితే భయం లేదు. చేలో మందు కొట్టేటప్పుడు ట్యాంకుకి ఎన్ని మిల్లీలీటర్లో కొలుస్తాం, గాలివాలు చూస్తాం. అంత లెక్క ఒంటి మీద రాసేటప్పుడు ఎందుకు తప్పుతుందో నాకర్థం కాదు.

ముందు అది గజ్జేనా?

దురద రాత్రిపూట ఎక్కువవుతోందా? వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, చంకల్లో, మొలతాడు కట్టుకునే చోట, మర్మాంగాల దగ్గర చిన్న చిన్న పొక్కులున్నాయా? ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటున్నారా? మూడింటికీ అవునంటే గజ్జే అయ్యే అవకాశం ఎక్కువ. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో తేటపడుతూ పాకుతుంటే అది తామర. మనం గజ్జి-తామర అని జంటగా అనేస్తాం కానీ గజ్జి పురుగు వల్ల, తామర బూజు వల్ల. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. ఊడ్పుల్లో బురదకి నాని కాలివేళ్ళ సందులు పుండ్లు పడటం వేరే సంగతి, దాని మీద గజ్జి మందు రాస్తే భగ్గుమని మండుతుంది, అంతే.

అన్నిటికీ ఒకటే ట్యూబు ఇవ్వమని అడగొద్దు. అలాంటి కలగలుపు క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాయగానే దురద చల్లబడుతుంది, మీకు హాయిగా ఉంటుంది, కింద పురుగు మాత్రం పిల్లల్ని పెట్టుకుంటూ పోతుంది. నెల తర్వాత చర్మం చూస్తే అది గజ్జో కాదో డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఎవరు సొంతంగా రాసుకోకూడదు

రెండు నెలలు నిండని పసిబిడ్డకి పర్మెత్రిన్ వద్దు. అంత చిన్నవాళ్ళకి డాక్టర్లు సాధారణంగా గంధకం కలిపిన లేపనం రాస్తారు. కంపు కొడుతుంది, బట్టలకి మరకలవుతాయి, కానీ పసివాళ్ళకి అది నయం. గర్భిణులూ బాలింతలూ ఏ మందైనా అడిగాకే రాసుకోవాలి. పర్మెత్రిన్ వాళ్ళకి ఇవ్వదగ్గదే, అయినా అది తేల్చాల్సింది నాలాంటి షాపువాడు కాదు. ఫిట్స్ వచ్చినవాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పండి. ఈ జాతి మందుకి మూలం చామంతి కుటుంబానికి చెందిన ఒక పువ్వు. కడియం వైపు పూలతోటల్లో పనిచేస్తూ చామంతులు ముట్టుకుంటే చేతులు దద్దుర్లెక్కేవాళ్ళు ఆ మాట కూడా డాక్టరు చెవిన వేయండి.

పొక్కులు పగిలి చీము కారుతుంటే ముందు ఆ చీము తగ్గాలి. పచ్చి పుండు మీద పురుగుమందు రాయకూడదు. గజ్జి పుండ్లలో చేరే సూక్ష్మజీవి వల్ల కొందరు పిల్లలకి తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి, మూత్రం టీ డికాషన్ రంగులో పోతుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మంచంలో ఉన్న ముసలివాళ్ళకి దురద పెద్దగా లేకుండానే చేతుల మీద, కాళ్ళ మీద మందంగా పెచ్చులు కడుతుంటే అది కూడా గజ్జే కావచ్చు. మామూలు గజ్జిలో ఒంటి మీద పురుగులు 10, 15కి మించవు. ఈ రకంలో వేలు, లక్షలు ఉంటాయి. ఒక ట్యూబుతో పోయేది కాదది.

ట్యూబు మీద అంకె చదవండి

గజ్జికి 5 శాతం పర్మెత్రిన్, తలలో పేలకి 1 శాతం. ఇది తారుమారు చేసేవాళ్ళు చాలామంది. 1 శాతం సబ్బుతో స్నానం చేస్తే గజ్జి పోదు. 5 శాతం క్రీము పిల్ల తలకి పట్టించి రాత్రంతా ప్లాస్టిక్ కవరు కట్టి పడుకోబెట్టడం ఇంకా తప్పు. ఆ కవరు నిద్రలో మొహం మీదకి జారితే ఊపిరాడదు.

బెంజైల్ బెంజోయేట్ అని పాలలా తెల్లగా ఉండే మందు ఒకటుంది. మంట ఎక్కువ. 25 శాతం మందుని పిల్లలకి నీళ్ళు కలిపి పలచన చేసి రాయాలి, ఎంత పలచనో వయసుని బట్టి డాక్టరు చెబుతారు. చూడ్డానికి పాలలా ఉంటుంది కాబట్టి పాలసీసా పక్కనా, దగ్గు మందు పక్కనా పెట్టొద్దు.

ఇక గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్. దీని ఇంకో పేరు లిండేన్. పెద్దవాళ్ళకి గమాక్సిన్ పొడి గుర్తుండే ఉంటుంది, ఆ కుటుంబమే ఇది. మెదడు మీద పనిచేసే విషం. ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, పసివాళ్ళకి తొందరగా వస్తాయి. 2009లో, ఏళ్ళ తరబడి నశించని విషరసాయనాల్ని ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోం ఒప్పందం దీన్ని నిషేధ జాబితాలో చేర్చి, గజ్జికీ పేలకీ మాత్రం, అదీ వేరే మందు కుదరనప్పుడు, కొంతకాలం వెసులుబాటు ఇచ్చింది. మన దేశంలో పొలాల్లో దీని వాడకం 2013 మార్చి నుంచి నిషేధం. చేనుకే వద్దన్నది చంటిపిల్లాడి ఒంటికెందుకండీ? ఇంట్లో పాత సీసా ఏదైనా ఉంటే దాని మీద పేరు చదవండి. ఈ పేరుంటే వాడకండి.

రాసే రాత్రి

ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ ఒకే రాత్రి రాసుకోవాలి, దురద లేనివాళ్ళతో సహా. నాన్నగారు ఒప్పుకోలేదని ఆయన్ని వదిలేస్తే మూడు వారాల్లో మళ్ళీ మొదటికొస్తుంది. హాస్టల్లో ఉండే పిల్ల సెలవులకి ఇంటికొచ్చాక రాయడం మంచిది, లేకపోతే వార్డెన్‌కి చెప్పి గదిలో అందరికీ ఒకేసారి రాయించాలి.

ముందు గోళ్ళు కత్తిరించండి. స్నానం చేయాలంటే సాయంత్రమే, గోరువెచ్చటి నీళ్ళతో కానిచ్చి, ఒళ్ళు పూర్తిగా ఆరి చల్లబడ్డాక రాయండి. వేడినీళ్ళు పోసుకుని ఒళ్ళు ఎర్రగా వేడిగా ఉన్నప్పుడే రాస్తే మందు లోపలికి ఎక్కువ దిగుతుంది. ఆ రోజు నలుగూ, కొబ్బరినూనె మర్దనా రెండూ మానేయండి.

రాత్రి భోజనాలయ్యాకే మొదలుపెట్టండి, ఎందుకంటే మనం చేత్తో తినేవాళ్ళం. పెద్దవాళ్ళకి 30 గ్రాముల ట్యూబు ఒకటి సరిపోతుంది, పిల్లలకి అంతకన్నా తక్కువ. చెవుల కింద మెడ దగ్గర్నుంచి అరికాళ్ళ దాకా పలచగా, కనపడకుండా ఇంకిపోయేలా రుద్దండి. తెల్లగా మెత్తినంత మాత్రాన ఎక్కువ పురుగులు చావవు. మరిచిపోయే చోట్లు నాకు కంఠతా వచ్చు: గోళ్ళ కింద, బొడ్డు లోపల, పిరుదుల మధ్య, కాలివేళ్ళ సందులు, ఉంగరం కింద, మొలతాడు కింద, నల్లపూసల కింద. గోళ్ళ కిందకి పాత టూత్‌బ్రష్ వాడి, ఆ బ్రష్షు పారేయండి. వీపుకి ఎవరో ఒకరు రాయాలి.

పెద్దవాళ్ళ మొహానికి రాయక్కర్లేదు. రెండేళ్ళ లోపు పిల్లలకీ, బాగా ముసలివాళ్ళకీ తలా మొహమూ కూడా పట్టుకుంటుంది కాబట్టి వాళ్ళకి డాక్టరు చెబితే అక్కడా రాయాలి, కళ్ళ చుట్టూ నోటి చుట్టూ వదిలేసి. వేళ్ళు చీకే పిల్లలకి చేతులకి పాత మేజోళ్ళు తొడిగేయండి. పాలిచ్చే తల్లి చనుమొనల మీద మందు శుభ్రంగా కడుక్కుని పాలిచ్చి, ఆ తర్వాత మళ్ళీ రాసుకోవాలి.

రాత్రి లేచి చేతులు కడుక్కుంటే చేతులకి మళ్ళీ రాయండి. ఇక్కడ జరిగే పొరపాటే అన్నిటికన్నా ఎక్కువ. మిగతా ఒళ్ళంతా మందుంటుంది, పురుగులు ఎక్కువుండే వేళ్ళ సందులు మాత్రం కడిగేసి ఉంటాయి.

మందు ఉండాల్సింది 8 నుంచి 14 గంటలు. రాత్రి 9కి రాస్తే పొద్దున్న 5 నుంచి 11 లోపల ఎప్పుడైనా సబ్బుతో స్నానం చేసేయొచ్చు. బడికెళ్ళే పిల్లలకి 6 గంటల స్నానం సరిపోతుంది, టిఫిన్ ఆ తర్వాతే. ఒకరోజు అదనంగా ఉంచితే మేలని అట్టే ఉంచకండి. వారం తర్వాత రెండోసారి ఇలాగే రాయాలి. ఆ తేదీ కేలెండర్లో అప్పుడే గుర్తు పెట్టేయండి, లేకపోతే దురద తగ్గాక ఎవరికీ గుర్తుండదు.

బట్టలూ, పరుపులూ

గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలి రెండు మూడు రోజులకి మించి బతకదు. కాబట్టి గడిచిన మూడు రోజుల్లో వాడిన దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు, లోదుస్తులు ఉంటే చాలు, బీరువా అంతా ఖాళీ చేయక్కర్లేదు. కాగులో బాగా మరిగిన నీళ్ళల్లో 10 నిమిషాలు నానబెట్టి ఉతికి ఎండలో వేయండి. మరగబెట్టలేనివి, బొంతలూ రగ్గులూ, ప్లాస్టిక్ సంచీలో బిగించి కట్టి వారం రోజులు ఓ మూల పడేయండి. శ్రావణంలో ముసురు పట్టి నాలుగు రోజులకీ బట్టలారనప్పుడు ఈ సంచీ పద్ధతే హాయి. ఆ సంచీ పురుగుమందులు తెచ్చినది మాత్రం కాకూడదు. పరుపు మీద, చాపల మీద దోమల మందో బొద్దింకల మందో కొట్టొద్దు. పురుగు అక్కడ లేదు, మీరు మాత్రం దాని మీద పడుకుంటారు.

తర్వాత వచ్చే దురద

మందు రాసిన మూడో రోజే మా షాపుకి మళ్ళీ వస్తారు, "తగ్గలేదండి, ఇంకో ట్యూబు ఇవ్వండి" అని. పురుగు చచ్చినా చర్మంలో దాని గుడ్లూ మలమూ మిగిలే ఉంటాయి. వాటి వల్ల దురద 2 నుంచి 4 వారాలు ఉంటుంది. ఇది తెలియక రోజూ రాసేవాళ్ళకి చర్మం పొడిబారి, మంటెక్కి, ఆ మంటే గజ్జిలా కనిపిస్తుంది. దానికి మళ్ళీ మందు. ఈ గుండ్రంలో మూడు నెలలు తిరిగినవాళ్ళని చూశాను. ఆ రోజుల్లో వట్టి కొబ్బరినూనె చాలు. దురద మాత్ర కావాలంటే డాక్టరు చెప్పింది వేసుకోండి, వాటిలో కొన్నిటికి మత్తు వస్తుంది, బండి నడిపేవాళ్ళు జాగ్రత్త. కొత్త పొక్కులు లేస్తున్నా, నెల దాటినా దురద వదలకపోయినా అప్పుడు మళ్ళీ చూపించుకోవాలి.

పేలకి

ఈపులు, అంటే పేల గుడ్లు, కనిపించగానే మందు తెచ్చేయకండి. తిరుగుతున్న పేను కనిపించాలి. తల నుంచి బాగా దూరంగా, వెంట్రుక మీద తెల్లగా అంటుకుని ఉన్నవి చాలావరకు ఖాళీ పెంకులే. పేలు ఎగరవు, దూకవు, తలా తలా తగిలితే పాకుతాయి.

రెండేళ్ళ లోపు పిల్లలకి మందు బదులు దువ్వెనే మంచిది. తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, పేల దువ్వెనతో కుదుళ్ళ నుంచి చివరి దాకా పాయ పాయా దువ్వి, ప్రతిసారీ తెల్ల గుడ్డకి తుడవండి. మూడు రోజులకోసారి, రెండు వారాలు. అరుగు మీద కూర్చుని పేలు చూసుకునే మన పాత అలవాటు ఇలాంటిదే, ఓపిక ఒక్కటే కావాలి.

మందు వాడాలంటే 1 శాతం పర్మెత్రిన్ లోషన్. ముందు మామూలు షాంపూతో తల రుద్ది, కండిషనర్ పెట్టకుండా, తువ్వాలుతో తడి అద్దండి. తలలో నూనె ఉంటే మందు వెంట్రుకకి పట్టదు, కాబట్టి ముందు రోజు నూనె రాయొద్దు. బిడ్డ కళ్ళకి మడత పెట్టిన తువ్వాలు అడ్డం పట్టుకోమనండి. మీరు చేతికి గ్లవుజులు వేసుకోండి. చెవుల వెనక, మెడ పైభాగం ముఖ్యం. 10 నిమిషాలు, గడియారం చూసి. తర్వాత తల ముందుకి వంచి కుళాయి కింద చల్లటి నీళ్ళతో కడిగేయండి, ఒంటి మీదుగా కారేలా తలస్నానం చేయించొద్దు. రెండు జడలు మోకాళ్ళ దాకా ఉన్న పిల్లకి ఒక సీసా చాలకపోవచ్చు. తర్వాత రెండు రోజులు తల రుద్దొద్దు, కుంకుడుకాయ కూడా వద్దు.

ఎనిమిది, పది గంటల తర్వాత చూస్తే పేలు మందకొడిగా కదులుతుంటే మందు పనిచేస్తున్నట్టే, దువ్వి తీసేయండి. గట్టిగానే తిరుగుతుంటే అదే మందు మళ్ళీ పోయకుండా డాక్టరుని అడగండి. ఈపులు చావకుండా మిగిలితే వారం, తొమ్మిది రోజుల్లో పొదుగుతాయి, అందుకే రెండో పూత తొమ్మిదో రోజున. మధ్యలో ఇంకో రకం మందు కలపొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. తలంటు తర్వాత జుట్టుకి సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్ళల్లో మామూలే. పేల లోషన్లలో కొన్ని మంటంటుకునేవి. మందు తల మీద ఉన్నంతసేపూ నిప్పులకుండ, గ్యాసు పొయ్యి, దేవుడి దగ్గర దీపం, హెయిర్ డ్రయ్యర్, పక్కన బీడీ కాల్చే తాతగారు, అన్నిటికీ దూరం.

ఇంటి వైద్యాలు

కిరోసిన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చర్మం కాలుతుంది, నిప్పురవ్వ పడితే మనిషే కాలుతుంది.

సీతాఫలం గింజలు నూరి తలకి పట్టించడం ఇంకా చాలా ఊళ్ళల్లో ఉంది. పేలు చస్తాయి, నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీద పొర లేచిపోతుంది. రాత్రి తలకి రాసుకుని పొద్దున్న కళ్ళు తెరవలేక, వెలుగు చూడలేక, నీళ్ళు కారుకుంటూ మా షాపు మెట్ల మీద కూర్చున్న ఒకావిడ నాకింకా గుర్తే. నేను చుక్కలేమీ ఇవ్వకుండా కంటాసుపత్రికి పంపించాను.

కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాయడం కోనసీమలో ప్రతి ఇంట్లో తెలిసిందే. పెద్దవాళ్ళ దురదకి కొంచెం అయితే సరే. చంటిపిల్లలకి వద్దు, పగిలిన పుండ్ల మీద వద్దు, ఆ గిన్నె అందేచోట ఉంచొద్దు. కర్పూరం కొంచెం మింగినా పిల్లలకి ఫిట్స్ వస్తాయి.

చేలో కొట్టే మందు రెండు చుక్కలు నూనెలో కలిపి తలకి రాసేవాళ్ళున్నారు. చీమల చాక్‌పీసు దువ్వెనకి రుద్ది దువ్వేవాళ్ళున్నారు. మోనోక్రోటోఫాస్ లాంటి చేలో మందులు తల చర్మంలోంచి సులువుగా లోపలికి దిగుతాయి. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొన అంతకి కుదించుకుపోవడం, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి. ఈలోపల బట్టలు విప్పేసి, మీ చేతులకి గ్లవుజులో కవర్లో వేసుకుని, తలా ఒళ్ళూ సబ్బుతో కడగండి.

ఏ మందైనా కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూ కడగాలి. మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళు, చింతపండు రసం తాగించొద్దు. ట్యూబో సీసానో చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి, పేరు చదివితే డాక్టరుకి సగం పని తీరుతుంది.

మిగిలిన మందు, ఖాళీ ట్యూబు

మందుని ఇంకో సీసాలోకి మార్చొద్దు. ఖాళీ ట్యూబుల్ని కాలవలోనో చెరువులోనో విసరొద్దు. పర్మెత్రిన్ చేపలకీ రొయ్యలకీ చాలా చిన్న మోతాదులోనే విషం. మందు రాసుకున్న మర్నాడు రేవులోకి దిగి స్నానం చేయడం, పెంపకం చెరువు గట్టున బట్టలుతకడం మానుకోండి. ఇంట్లో స్నానాలగదిలో కానివ్వండి, ఆ నీళ్ళు నేలలోకి ఇంకేలా చూడండి. పిల్లి ఉన్న ఇంట్లో ఆ రాత్రి దాన్ని పక్కలోకి రానివ్వకండి. మన ఒంటి మీద మందు నాకితే వణుకు పుట్టి చచ్చిపోవచ్చు.